ఇంటి పిన్‌బాల్ కేబినెట్టుకు ప్లంజర్, నడ్జ్: వాడి చూసి చెప్తున్నా

మా ఇంట్లో వర్చువల్ పిన్‌బాల్ కేబినెట్ పని మొదలై రెండేళ్లు దాటింది. వాలు బల్ల మీద ఉక్కు గోళీని ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో కొడుతూ ఆడే పిన్‌బాల్‌ను తెర మీద ఆడించే పెట్టె ఇది. ప్లైవుడ్ పెట్టె, అందులో పడుకోబెట్టిన 43 అంగుళాల టీవీ, ఒక పాత కంప్యూటర్, విజువల్ పిన్‌బాల్ సాఫ్ట్‌వేర్, ఇవన్నీ నెలన్నరలో అయిపోయాయి. మిగిలిన కాలమంతా రెండు పనులకే పట్టింది. ఒకటి, గోళీని లోపలికి కొట్టే ప్లంజర్. రెండోది, బల్లను కుదిపితే ఆ కుదుపు ఆటలోని గోళీకి తగిలేలా చేసే నడ్జ్. ఈ రెంటికీ నేను కొన్నవి, పీకేసినవి, చివరికి ఉంచుకున్నవి అన్నీ చెప్తాను. ఇలాంటి పెట్టె కట్టుకోవాలనుకునే వాళ్లు మన దగ్గర ఇంకా కొద్దిమందే. నాలా వాళ్లు దుకాణాల చుట్టూ తిరగక్కర్లేదు.

నేను పదిహేడేళ్లు ఓడల మీద ఎలక్ట్రికల్ ఆఫీసరుగా చేశాను. విదేశీ రేవుల్లో నావికుల కోసం ఉండే సీమెన్స్ క్లబ్బులకు వెళ్లినప్పుడు మిగతా వాళ్లు ఫోన్ల దగ్గర కూర్చుంటే నేను మూలనున్న పిన్‌బాల్ బల్ల దగ్గర నిలబడేవాణ్ని. అందుకే అసలు బల్ల చేతికి ఎలా ఉంటుందో నాకు బాగా గుర్తు. ప్లంజర్ నాబ్ లాగితే స్ప్రింగు అరచేతిని వెనక్కి గుంజుతుంది. వదిలితే 27 మిల్లీమీటర్ల ఉక్కు గోళీ, 80 గ్రాములది, టప్పున కొట్టుకుని పైకి పోతుంది. ఆ దెబ్బ నడుము దాకా తెలుస్తుంది.

విజువల్ పిన్‌బాల్‌ని మామూలు కీబోర్డుతో ఆడితే ఎంటర్ కీ ప్లంజర్, ఎడమ కుదుపుకు జెడ్, కుడి కుదుపుకు స్లాష్, ముందుకు తోయడానికి స్పేస్ బార్. ఎంటర్ ఎంతసేపు నొక్కి ఉంచితే అంత వెనక్కి లాగినట్టు లెక్క. మొదటి రెండు నెలలు అలాగే ఆడాను. ఆట బాగానే నడిచింది. కానీ గోళీని ఎంత బలంతో కొట్టాలన్నది చేతి తీర్పు. కీ నొక్కి మనసులో అంకెలు లెక్కపెట్టడం ఆ తీర్పుకు సాటి రాదు.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు. న్యూయార్క్ నగరంలో పిన్‌బాల్‌ను జూదమని 1942లో నిషేధించారు. 1976లో ఆ నిషేధం ఎత్తేసే ముందు రోజర్ షార్ప్ అనే ఆటగాడు సిటీ కౌన్సిల్ వాళ్ల ఎదుట బల్ల మీద ఆడి చూపించాడు. ఫ్లిప్పర్లతో ఆడి చూపించినా, అందరికీ గుర్తుండిపోయింది ప్లంజర్ దెబ్బే. పైనున్న దారుల్లో మధ్యదాన్ని వేలితో చూపించి, గోళీ ఇందులోంచి దిగుతుందని ముందే చెప్పి, ప్లంజర్ లాగి వదిలి, అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ ఒక్క దెబ్బలో ఎంత ఒడుపు ఉందో ప్లంజర్ చేత్తో పట్టుకున్న వాళ్లకు తెలుస్తుంది.

కాబట్టి నా మొదటి మాట: డబ్బులు ముందు ఇనుము మీద, అంటే ప్లంజర్ మీదే పెట్టండి, తర్వాత దాని కదలికను కొలిచి కంప్యూటర్‌కు చెప్పే సెన్సార్ మీద. నేను మొదట రాడ్డు, గొట్టం ఇక్కడే విశాఖలో, గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో చేయించాను. మేస్త్రీ పని చాలా బాగా చేశాడు, రాడ్డు అద్దంలా వచ్చింది. చిక్కల్లా స్ప్రింగు దగ్గర. బండి విడిభాగాల్లో దొరికే స్ప్రింగులు మరీ గట్టివి, లాగితే పెట్టే ముందుకు కదిలేది. మెత్తవి తెస్తే వదిలినప్పుడు రాడ్డు నీరసంగా వచ్చేది. నాలుగు రకాలు మార్చి, చివరికి నాతో పాటు ఓడలో చేసిన స్నేహితుడు అమెరికా నుంచి వస్తుంటే అసలు పిన్‌బాల్ బల్లలకు వాడే ప్లంజర్ సెట్టు తెప్పించుకున్నాను. ఆరోజు నుంచి ఇనుము గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఆ సెట్టు చిన్నదే గానీ చూడముచ్చటగా ఉంటుంది. ఒక చివర నాబ్, ఇంకో చివర రబ్బరు తొడుగు, మధ్యలో రాడ్డు. కేబినెట్ లోపలివైపు పొడుగాటి పెద్ద స్ప్రింగు, దాన్ని పట్టి ఉంచే వాషరు, సర్‌క్లిప్. నాబ్‌కీ గొట్టానికీ మధ్య ఇంకో పొట్టి స్ప్రింగు. ఈ పొట్టి స్ప్రింగును తేలిగ్గా తీసుకోకండి. వదిలినప్పుడు రాడ్డు తన మామూలు చోటు దాటి కాస్త ముందుకు దూకి, దీన్ని నొక్కి, ఒకటి రెండుసార్లు ఊగి ఆగుతుంది. నాబ్‌ను అరచేత్తో లోపలికి కొట్టి గోళీని మెల్లగా తోయగలిగేది కూడా ఇది ఉండబట్టే. పెద్ద స్ప్రింగులు బలాన్ని బట్టి వేర్వేరు రంగుల్లో వస్తాయి, మధ్యరకం చాలు. రాడ్డుకు గ్రీజు, నూనె రాయకండి. గొట్టంలోని నైలాన్ తొడుగు పొడిగానే బాగా జారుతుంది. గ్రీజు రాస్తే దుమ్ము పట్టి నెలకే బిరుసెక్కుతుంది. నేను అలవాటు కొద్దీ రాసి, కిరోసిన్‌తో కడగాల్సి వచ్చింది.

ఇక సెన్సార్. ఇక్కడ చాలామంది చూసేది రిజల్యూషన్, అంటే ఎన్ని మెట్లలో కొలుస్తుందన్నది. దానికంటే ముందు చూడాల్సింది వేగం. ప్లంజర్ ప్రయాణం సుమారు 80 మిల్లీమీటర్లు. పూర్తిగా లాగి వదిలితే ఆ దూరాన్ని ఇంచుమించు 30, 40 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. యూఎస్‌బీ జాయ్‌స్టిక్ లాగా పనిచేసే బోర్డు 10 మిల్లీసెకన్లకు ఒకసారి స్థానం పంపిందనుకుందాం. మొత్తం దెబ్బలో ఆటకు అందేది మూడు నాలుగు రీడింగులే. రాడ్డు ముందుకు దూకి వెనక్కి ఊగుతున్న క్షణంలో రీడింగు పడితే, బలంగా కొట్టినా ఆటలో గోళీ సగం దూరం వెళ్లి వెనక్కి జారుతుంది. ఒకే చోటుకి లాగి పదిసార్లు వదిలితే పదిరకాలుగా పోతుంది. ప్లంజర్ పెట్టుకుని కూడా బాగాలేదని పక్కన పడేసే వాళ్లలో ఎక్కువమందికి వచ్చే చిక్కు ఇదే.

దీనికి నాకు దొరికిన మంచి మందు పిన్‌స్కేప్ అనే ఉచిత ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండి నడిచే ప్రోగ్రాం. ఎఫ్‌ఆర్‌డీఎం-కేఎల్25జెడ్ అనే చిన్న బోర్డు మీద నడుస్తుంది. బోర్డు సెన్సార్‌ను తనే చాలా వేగంగా చదువుకుంటుంది. రాడ్డు వదిలేశారని పసిగట్టగానే, ఎక్కడి నుంచి వదిలారో గుర్తుపెట్టుకుని, ఆటకు అర్థమయ్యే పద్ధతిలో ఆ కదలికను పంపుతుంది. ఇది పెట్టిన సాయంత్రం మా మేనల్లుడు సగానికి లాగి ఆరుసార్లు వదిలాడు. ఆరుసార్లూ గోళీ ఒకే దారిలో దిగింది. "మావయ్యా, ఇప్పుడు తప్పు నాదే, మెషీన్‌ది కాదు" అన్నాడు. నాకు కావలసింది అదే మాట.

సెన్సార్లలో మొదట వాడింది స్లైడ్ పొటెన్షియోమీటర్. సౌండ్ మిక్సర్ల మీద పైకీ కిందికీ జరిపే మీట ఉంటుందే, అదే. రాడ్డు చివరకు చిన్న పట్టీ బిగించి మీటకు తగిలిస్తే సరిపోతుంది. ఊళ్లో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగితే ముందు 60 మిల్లీమీటర్లది ఇచ్చారు. 80 ప్రయాణానికి అది చాలదు, 100 మిల్లీమీటర్లది కావాలన్నాను. వారం తర్వాత తెప్పించి ఇచ్చారు. సంబరంగా బిగించి చూస్తే, సగం లాగినా తెర మీద ప్లంజర్ చివర కొంచెమే కదిలింది. మిగతా సగంలో ఒక్కసారిగా పరుగెత్తింది. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. మూడో రోజు విప్పి తిరగేసి చూస్తే రేకు మీద చిన్న అక్షరాల్లో "ఏ 10కే" అని ఉంది. ఏ అంటే చెవికి తగ్గట్టు పెరిగే లాగరిథమిక్ రకం, సౌండ్ పనికి చేసింది. ప్లంజర్‌కు కావలసింది బీ, అంటే జరిపినంత దూరానికి సరిగ్గా అంతే మారే లీనియర్ రకం. షాపులో తీసుకునే ముందు ఆ ఒక్క అక్షరం చూసుకోండి. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది, మీటను సరిగ్గా మధ్యలో పెట్టి కొలవండి. 10 కిలో ఓమ్‌లది అయితే 5 దగ్గర చూపించాలి.

బీ రకం ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టాక ఎనిమిది నెలలు హాయిగా ఆడుకున్నాం. తర్వాత మన ఊరి గాలి పని మొదలైంది. మాది ఎంవీపీ కాలనీ, సముద్రం దగ్గరే. కిటికీ ఇనుప చువ్వలకు రెండేళ్లకోసారి రంగు వేయకపోతే పెచ్చులూడే చోటు. పొటెన్షియోమీటర్ లోపల కార్బన్ పట్టీ మీద సన్నటి లోహపు వేళ్లు రాసుకుంటూ పోతాయి. వాటి మీద ఉప్పు తేమ, దుమ్ము చేరితే రీడింగు తుళ్లుతుంది. వానాకాలం మధ్యలో ఒకరోజు ప్లంజర్‌ను ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద అది వణకడం మొదలుపెట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే నెల రోజులు తగ్గింది, మళ్లీ మొదలు. ఓడలో ఇలాంటి రాపిడి సెన్సార్లను ఎన్ని మార్చానో నాకు తెలుసు కాబట్టి ఆశ్చర్యం వేయలేదు. లోతట్టు ఊళ్లలో, ఏసీ గదిలో అయితే ఇదే పొటెన్షియోమీటర్ చాలాకాలం రావచ్చు. మొదటిసారి కట్టుకునే వాళ్లకు ఇప్పటికీ నేను చెప్పేది ఇదే. చవక, తీగలు మూడే, చెడితే పావుగంటలో మార్చేయొచ్చు. పైన ఒక సన్నటి రబ్బరు షీటు కప్పు లాగా కట్టండి, దుమ్ము కొంతైనా ఆగుతుంది.

దాని తర్వాత రాడ్డును తాకకుండా కొలిచేవి చూశాను. వీఎల్6180ఎక్స్ అనే చిప్ కాంతి వెళ్లి తిరిగొచ్చే కాలాన్ని బట్టి దూరం చెప్తుంది. బిగించడం ఎంతో సులువు, రాడ్డు వెనక రెండు స్క్రూలు చాలు. కానీ ఒక మిల్లీమీటరు తేడాకు కాంతి ప్రయాణంలో వచ్చే తేడా 7 పికోసెకన్ల లోపే. అంత చిన్న చిప్‌లో అది నిలకడగా కొలవడం కష్టం. నా దాంట్లో రాడ్డు కదలకపోయినా అంకె రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగింది. పైగా ఒక్కో రీడింగుకు 10 మిల్లీసెకన్ల పైనే తీసుకుంటోంది, ఆలోగా రాడ్డు సగం దూరం వెళ్లిపోయి ఉంటుంది. గట్టిగా లాగి వదిలే ఆటకు సరిపోవచ్చు. మెల్లగా, కొలిచినట్టు కొట్టాల్సిన దెబ్బలకు పనికిరాదు. పదిరోజుల్లో తీసేశాను.

చివరికి నిలిచింది ఏఈడీఆర్-8300 అనే ఆప్టికల్ ఎన్‌కోడర్. గింజంత చిప్. దాని ముందు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో నల్ల గీతలు, మెరిసే ఖాళీలు ఉన్న పట్టీ రాడ్డుతో పాటు జరుగుతుంది. అంగుళానికి 75 జతల గీతలు. చిప్ రెండు కళ్లతో చూస్తుంది కాబట్టి ఒక్కో జతకు నాలుగు మెట్లు, అంటే అంగుళానికి 300. మిల్లీమీటరులో పన్నెండో వంతు కదిలినా తెలుస్తుంది. ఆ పట్టీని జగదాంబ దగ్గర ఒక డీటీపీ సెంటర్లో లేజర్ ప్రింటరు మీద ట్రాన్స్‌పరెన్సీ షీటుకు కొట్టించి, పాలిష్ చేసిన స్టీలు పట్టీకి అతికించాను. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరులో ఒక్కో జతకు సరిగ్గా 8 చుక్కలు వస్తాయి, గీత అంచు పదునుగా పడుతుంది. ఇంక్‌జెట్‌లో ఇంకు చెమ్మగిల్లి గీతలు కలిసిపోయాయి, ఆ దారి పట్టకండి. చిప్‌కు టంకం వేయడమే కష్టమైన పని. భూతద్దం, సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ లేకపోతే మొదలుపెట్టొద్దు. ఇది ఎంత కదిలిందో చెప్తుంది గానీ ఎక్కడుందో తనంతట తను చెప్పలేదు. అందుకని కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు నాబ్ పట్టుకుని లాగకూడదు, మామూలు చోట ఉండాలి. రెండు వానాకాలాలు చూసింది, ఒక్కసారి కూడా వణకలేదు.

సోల్డరింగ్ రాని వాళ్లకు ప్లంజర్, సెన్సార్, బోర్డు కలిపి అమ్మే విదేశీ కిట్లున్నాయి. వర్చువాపిన్ వాళ్లది ఎక్కువగా వినిపించే పేరు. నేను వాడలేదు కాబట్టి మార్కులు వేయను. కొనే ముందు రవాణా, కస్టమ్స్ కలిపి లెక్క వేసుకోండి, ఆటకు కనెక్ట్ చేసే బోర్డు కిట్‌లో ఉందో లేదో అడగండి. కేఎల్25జెడ్ బోర్డు నాకు మొదటిసారి తేలిగ్గానే దొరికింది, రెండోది కావాలంటే దొరకలేదు. మా మేనల్లుడు కట్టుకుంటున్న దానికి రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు మీద నడిచే పిన్‌స్కేప్ పెడుతున్నాం.

ఇంకో సంగతి. అన్ని బల్లలకూ ప్లంజర్ ఉండదు. 1991లో విలియమ్స్ తెచ్చిన టెర్మినేటర్ 2 బల్లలో గోళీని వదిలేది తుపాకీ ట్రిగ్గర్. అలాంటి వాటికి ప్లంజర్ కింద ఒక లాంచ్ బటన్ కూడా పెట్టుకోండి, ఇబ్బంది ఉండదు.

నడ్జ్ సంగతి వేరు. ఇందులో చిప్ ఎంపిక కంటే బిగింపు ముఖ్యం. మొదట్లో కొందరు వాడిన పాదరసపు స్విచ్చులు కుదుపు ఉంది, లేదు అని రెండే మాటలు చెప్తాయి. మెల్లగా తోసినా, గట్టిగా కొట్టినా ఆటకు ఒకటే. వాటి జోలికి పోవద్దు. యాక్సిలరోమీటర్ కావాలి, ఎంత తోశామో అంత చెప్తుంది. కేఎల్25జెడ్ మీద ఎంఎంఏ8451క్యూ అనే యాక్సిలరోమీటర్ ముందే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. పికో మీద ఉండదు, వేరే పెట్టాలి. అది గుర్తుంచుకోండి.

నేను మొదట ఆ బోర్డును డబుల్ టేపుతో లోపలి గోడకు అతికించాను. స్పాంజి టేపు కుదుపును సగం మింగేసి, మిగతా సగాన్ని వణుకుగా మార్చింది. ఎడమకు ఒకసారి తోస్తే ఆటలో గోళీ ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు ఊగేది. తర్వాత పెట్టె అడుగున, ప్లైవుడ్డు దళసరిగా ఉన్నచోట, నాలుగు స్క్రూలతో నేరుగా బిగించాను. ఆ ఒక్క మార్పుతో సగం జబ్బు పోయింది. ఒక మూలకు కాకుండా కాస్త మధ్యకు పెట్టండి. మూలన పెడితే పెట్టె మెలి తిరిగినప్పుడు లేనిపోని కుదుపు చూపిస్తుంది.

మిగతా సగం జబ్బుకు కారణం బరువు. అసలు పిన్‌బాల్ బల్ల 110 నుంచి 130 కిలోల దాకా ఉంటుంది. నాది 62 కిలోలే తూగింది. అరచేత్తో తడితే అసలు బల్ల మిల్లీమీటరు కదిలే చోట నాది జానెడు జారేది. కింద మాకు గ్రానైట్ నేల, కాళ్ల ఇనుప తొడుగులు నూనె మీద జారినట్టు జారేవి. కాళ్ల కింద మందపాటి రబ్బరు బిళ్లలు వేసి, పెట్టె అడుగున రెండు ఇసుక సంచులు, ఒక్కోటి పదిహేను కిలోలు, చెక్క బద్దలతో కదలకుండా బిగించాను. ఇసుకను ముందు బాగా ఎండబెట్టండి, చెమ్మ ఉంటే ప్లైవుడ్డు ఉబ్బుతుంది. ఇప్పుడు తోస్తే పెట్టె జారదు, కాళ్ల మీద ఊగి తన చోటికి తను వస్తుంది. నడ్జ్ అంటే ఆ ఊగి రావడమే.

ఆపై సెట్టింగులు. విజువల్ పిన్‌బాల్‌లో ఎడమ కుడికీ, ముందు వెనక్కీ విడిగా గెయిన్ ఉంటుంది, అంటే కుదుపును ఎంత పెంచి చూపాలన్నది. డెడ్ జోన్ ఉంటుంది, అంటే ఎంతలోపు కుదుపును పట్టించుకోకూడదన్నది. ముందు డెడ్ జోన్ సరిచేయండి. స్పీకరు సౌండ్ పెంచి, ఫ్లిప్పర్లు టకటకా కొట్టి, గోళీ దానంతట అది కదలకుండా ఉండే దాకా పెంచండి, అక్కడే ఆపండి. మాకు పై అంతస్తు వాళ్ల వాషింగ్ మెషీన్ గిర్రున తిరిగేటప్పుడు కూడా రీడింగు కదిలేది. అది తిరుగుతున్న ఒక ఆదివారం పొద్దున కూర్చుని అంకె తేల్చాను. తర్వాత గెయిన్. ఫ్లిప్పర్ మీద గోళీని ఆపి, అసలు బల్లను తట్టినంత బలంతోనే తట్టి, గోళీ ఒక గోళీ వెడల్పు కదిలేదాకా పెంచాను. మొదటి ఉత్సాహంలో చాలామంది గెయిన్ మరీ ఎక్కువ పెడతారు. మా మేనల్లుడూ పెట్టాడు. చూడటానికి సరదాగానే ఉంటుంది గానీ, రెండు రోజుల్లో ప్రతి గోళీనీ తోసి బతికించేయొచ్చు, ఆట చప్పబడిపోతుంది.

తోయడానికి హద్దు కూడా ఉండాలి కదా, దానికి టిల్ట్. 1930లలో హ్యారీ విలియమ్స్ కనిపెట్టిన ఏర్పాటు ఇది. తర్వాత వచ్చిన టిల్ట్ బాబ్ మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే తూకంగుండు లాంటిదే. ఒక కమ్మీకి వేలాడే గుండు, చుట్టూ ఒక రింగు. బల్లను మితిమీరి కుదిపితే గుండు రింగుకు తగులుతుంది, ఆ గోళీ పోయినట్టే. సాఫ్ట్‌వేర్ తన లెక్క ప్రకారం టిల్ట్ ఇవ్వగలదు. నాకు మాత్రం గుండు వేలాడుతుంటేనే భయం నిజంగా ఉంటుంది. ఆటోనగర్ మేస్త్రీ దగ్గరే ఇత్తడిది చేయించి, మెకానికల్ టిల్ట్‌కు వాడే టీ కీ చోట తీగ కలిపాను. గుండును కమ్మీ మీద పైకీ కిందికీ జరిపితే కఠినం, మెతక మారుతుంది. పండక్కి పిల్లలొస్తే మెతక చేస్తాను, వాళ్లు వెళ్లాక పైకి లాగుతాను.

ఒక్కటి ఇంకా సరిపడలేదు. ఎడమ కుడి కుదుపు అచ్చం అసలు బల్లలా ఉంది గానీ, ముందుకు తోస్తే పెట్టె బిగుసుకుని నిలబడుతుంది. నేను వేసిన కాళ్లు చదరపు ఇనుప గొట్టాలు, ఆ దిశలో అస్సలు వంగవు. అందుకని ముందు వెనక గెయిన్ ఎడమ కుడి దానికి రెట్టింపు పెట్టి ఆడుతున్నాం. అసలు బల్లలకు ఉండే మడత రేకు కాళ్ల జత ఒకటి కంచరపాలెంలో ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించడానికి ఇచ్చాను. వచ్చే శనివారం ఇస్తానన్నారు.